పెంటపోగు మీద కొత్త జాతి

గ్రోషేర్ ద్వీపం,
మే 27, 1954

మహారాజశ్రీ వాల్‌ఫ్రిడ్ మామయ్య గారి దివ్యసముఖానికి,

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరంలో ఉన్న చేతిరాతకు, ఉండబోయే వెటకారానికి, ఉండకపోయే వినయానికి. నేను పుట్టినందుకు, పుట్టి ఊరుకోక చదువుకున్నందుకు, చదువుకుని కూడా మీలాగా గంభీరంగా ముఖం పెట్టడం నేర్చుకోనందుకు. మీరు కొన్న టికెట్టు మీద పడవెక్కి కూడా సముద్రంలో పడకుండా క్షేమంగా దిగినందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇందులో ఏ ఒక్కదానికీ నాకు విచారం లేదని మీకు తెలుసు. కానీ ఉత్తరం మొదట్లో ఇలాంటిది ఒకటి పడేస్తే పెద్దమనిషి తరహాగా ఉంటుందని మీరే కదా నేర్పారు.

ఇక పని. విశ్వవిద్యాలయం నన్ను వెళ్ళగొట్టింది గనుక, మీరు సిఫార్సు రాస్తే తప్ప శీతాకాలం చదువుకు తిరిగి చేర్చుకోరు గనుక, మీరు రాయాలంటే నేను వేసవంతా ఇక్కడ మీకు పాములు పట్టిపెట్టాలి గనుక, వచ్చాను. ఇన్ని ‘గనుక’లకు వేలాడుతున్న మనిషిని ఏ కొక్కేనికైనా తగిలించవచ్చు.

బస టెక్లా అనే ముసలావిడ ఇంట్లో. కొన్ని ఆవులు, ఇంటికంటే ఎత్తైన పెంటపోగు ఒకటి, నేల మీద నడిచే ప్రతి చదువుకున్నవాడి మీదా తరగని అసహ్యం, ఇవీ ఆవిడ ఆస్తిపాస్తులు. రేవులోనే అడిగింది.

“మ్యూజియం వాడివా?”

“కాదు పెద్దమ్మా, మ్యూజియం ఆయన మేనల్లుణ్ణి.”

“అంతకంటే అధ్వాన్నం.”

ఇంటికి వచ్చాక పశువులపాక వెనక్కి వెళ్ళి ఒక గోనెసంచి తెచ్చి నా కాళ్ళ దగ్గర కుమ్మరించింది. మూడు నీటిపాములు. కాకినలుపు. మెడ మీద పసుపు అన్నది నలుసంత కూడా లేదు. “మీవాళ్ళు పట్టుకెళ్ళేవి ఇవే కదా. తీసుకో. చాలకపోతే ఇంకా ఉన్నాయి. కాఫీ తాగి సాయంత్రం పడవకి దయచెయ్” అంది.

అలా మీ వేసవి పరిశోధన నా కాఫీ చల్లారేలోపు ముగిసింది. అయినా గుడ్లు పెట్టేదాకా ఉండమన్నారు కాబట్టి ఉంటున్నాను. ఆవిడకది ఇష్టం లేదు. నాకూ లేదు. ఆవుల అభిప్రాయం ఇంకా తెలియలేదు.

మీ సిక్స్‌టెన్


నోర్‌షోపింగ్,
జూన్ 5

ఒరేయ్ సిక్స్‌టెన్,

నీ ఉత్తరం ముక్కు మూసుకుని చదివాను. నిన్ను అక్కడికి ఎందుకు పంపానో నీకు ఇంకా ఎక్కలేదని తెలిసింది. పశువుల డాక్టరు దూడకి చెప్పినట్టు మళ్ళీ చెబుతాను.

మన వైపు నీటిపాము ఎలా ఉంటుంది? బూడిద కలిసిన ఆకుపచ్చ ఒళ్ళు, తల వెనక పసుపుపచ్చని మెడపట్టీ. చంటిపిల్ల కూడా గుర్తుపడుతుంది, నువ్వు కూడా గుర్తుపడతావు. గ్రోషేర్ నుంచి మా మ్యూజియానికి నలభై ఏళ్ళలో ఆరుగురు వేరువేరు మనుషులు పాములు తెచ్చారు. బడిపంతులు, పాదిరీ, దీపస్తంభం కాపలాదారు, ఇలా ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేనివాళ్ళు. సీసాల్లో ఉన్నవన్నీ నల్లవే. పట్టీ ఉన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు. దీన్ని ఆధారం అంటారు. ఇది వేరే జాతి. పేరు కూడా నిర్ణయించాను: నేట్రిక్స్ నోబిలిస్, అంటే కులీనమైనది. పొలుసుల వరసల్లో తేడా లేదు కదా అని బ్రాస్క్ సణుగుతాడు. పొలుసులు లెక్కపెట్టడం గుమాస్తాల పని, రంగు చూడటం కళ్ళున్నవాడి పని.

అక్టోబరులో ప్రకృతి శాస్త్ర సంఘంలో ఈ వ్యాసం చదువుతున్నాను. ఆ తర్వాతి వారమే మ్యూజియంలో పెద్ద క్యూరేటరు ఎవరన్నది తేలుస్తారు. ఉన్నది మేమిద్దరమే, నేనూ, బ్రాస్కూ. అతగాడు ముప్ఫై ఏళ్ళుగా పేలను వర్గీకరిస్తున్నాడు, పేలకు కూడా అతని మీద గౌరవం లేదు. నల్లదానికి నల్లవే పుడతాయని చూపిస్తే వాడి నోరు పడిపోతుంది. కనుక గుడ్లు కావాలి, పిల్లలు కావాలి.

నీ వేళాకోళం నా దగ్గర వద్దు. నీ బూటుతాడును స్పిరిట్ సీసాలో వేసి, ‘అగాధ సముద్రపు పురుగు, అరుదైనది’ అని చీటీ అంటించి, బయటి దేశం నుంచి వచ్చిన ఆచార్యుడి చేత భూతద్దంతో చూపించి, ఆయన చేత మూడు పేజీలు రాయించినవాడివి. విశ్వవిద్యాలయం నిన్ను తరిమింది అందుకే. ఇక జన్మలో నువ్వు సీసాలో పెట్టి ఏది తెచ్చినా ఎవడూ నమ్మడు. నేను చెబితేనే నమ్ముతారు. అది గుర్తుంచుకుని గుడ్లు పట్రా.

వాల్‌ఫ్రిడ్


గ్రోషేర్,
జూలై 4

మామయ్యా,

మీ కులీన సర్పంతో నాకు బాగా పరిచయం పెరిగింది. దాని కులీనత గురించి కొన్ని ముక్కలు రాస్తున్నాను, వ్యాసంలో చేర్చుకోండి.

పట్టుకోబోతే ముందు బుస కొడుతుంది. తల పలకలా చేసుకుని మీదికి లంఘిస్తుంది. నోరు మాత్రం తెరవదు. మీరు సంఘం సమావేశాల్లో బ్రాస్క్ గారి మీదికి వెళతారే, అచ్చం అలాగే. దానికి ఎదుటివాడు భయపడకపోతే తోక కింద నుంచి ఒక పదార్థం వదులుతుంది. కుళ్ళిన చేపను వెల్లుల్లిలో ఊరబెట్టి దాన్ని మళ్ళీ కుళ్ళబెడితే వచ్చే వాసన. టెక్లా పెద్దమ్మ నా చొక్కాను ఇంట్లోకి రానివ్వలేదు. చొక్కాలో ఉన్న నన్నూ రానివ్వలేదు. “ఎలాగూ కంపుకొడుతున్నావు, పెంట ఎత్తు” అని పార చేతికిచ్చింది. అప్పటి నుంచి రోజూ పెంట ఎత్తుతున్నాను. జీవితంలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఇదే. ఇంతవరకు ఎవరూ వెళ్ళగొట్టలేదు.

వాసన కూడా ఫలించకపోతే, కులీనురాలు చచ్చిపోతుంది. వెల్లకిలా తిరిగి, నోరు వెళ్ళబెట్టి, నాలుక పక్కకి జారవేసి, నోటి మూల ఒక రక్తపు చుక్క కూడా పెట్టుకుని. నేను హడలిపోయాను. పాపం అనిపించి, కనీసం మర్యాదగా పడుకోబెడదామని బోర్లా తిప్పాను. టక్కున మళ్ళీ వెల్లకిలా తిరిగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ తిరిగింది. చచ్చినవాళ్ళు ఎలా పడుకోవాలో దానికొక నిశ్చితాభిప్రాయం ఉంది, దానికి విరుద్ధంగా ఎవరు సర్దినా ఒప్పుకోదు. ఒక సిద్ధాంతాన్ని ఇంత పట్టుదలగా పట్టుకున్న ప్రాణిని మన వంశంలో మీ తర్వాత దీన్నే చూశాను.

ఇది మాత్రం వేళాకోళం కాదు. మొన్న ఒక నల్లది నా ఎదుటే గుడ్లు పెట్టింది. తెల్లగా, తోలులా మెత్తగా, ఒకదానికొకటి అంటుకుని బుట్టెడు. మిగతా ఆడపాములన్నీ టెక్లా పెద్దమ్మ పెంటపోగులో దూరి పెడుతున్నాయి, ఎందుకంటే ఈ చలిదేశంలో పొదిగే వేడి ఇంకెక్కడా లేదు, పెంట కుళ్ళేచోటే ఉంది. నేను నా దాని గుడ్లను చెక్కపెట్టెలో వేసి, చుట్టూ ఆ పెంటే కూరి, పైన వల బిగించి, పెట్టెను పోగులోనే పాతాను. వేరే పాముది కలిసే వీలు లేదు.

ఇంకో సంగతి. పాకలో ఒక మూల నేలపలకలు వదులుగా ఉన్నాయి. ఆవిడ రోజూ పొద్దున్నే అక్కడ చిప్పతో పాలు పెడుతుంది. నేను అటు పోతే పార అడ్డం పెడుతుంది.

“ఏముంది పెద్దమ్మా అక్కడ?”

“నీకు కానిది.”

“మరెవరికి అవును?”

“ఇంటివాళ్ళకి.”

“నేనూ ఈ ఇంట్లోనే తింటున్నాగా.”

“పిల్లీ తింటోంది. దానికీ చూపించను.”

సిక్స్‌టెన్


నోర్‌షోపింగ్,
జూలై 11

గాడిదా,

ముసలిదాని పాలచిప్ప కాదు నాకు కావలసింది. నేలపలకల కింద పిల్లి ఈని ఉంటుంది. గుడ్ల పెట్టె జాగ్రత్త. గాడిద చేయగల పని అదొక్కటే, గాడిదలా అక్కడే నిలబడు. వ్యాసం దాదాపు అయిపోయింది, అచ్చుకు మాట్లాడాను. ‘వంశం’ అనే మాట ఇంకోసారి వాడితే నిన్ను అందులోంచి తీసేస్తాను.

వాల్‌ఫ్రిడ్


గ్రోషేర్,
జూలై 30

మామయ్యా,

కుర్చీలో కూర్చుని చదవండి. వెనక ఆనుకునేది ఉన్న కుర్చీ అయితే మరీ మంచిది.

నిన్న ఓలోఫ్ పండుగ. ఇక్కడ ఆ రోజుకి ఆవులు దూరపు బీడుకి పోయి ఉంటాయి, కొత్త పేడ తగ్గి పోగు చల్లబడుతూ ఉంటుంది. గుడ్లేమో ఇంకా పొదగలేదు. అందుకని ఆ రోజు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరూ తలా ఒక పార పచ్చిపేడ మోసుకొచ్చి, తమ పేరు గట్టిగా చెప్పి పోగు మీద వేస్తారు. పేరు చెప్పకుండా వేస్తే అది ఉత్త పేడ. పేరు చెప్పి వేస్తే వేసినవాడు ఆ ఇంటివాడు. టెక్లా పెద్దమ్మ తన పార వేసింది. తర్వాత, సరుకుల ఓడ మీద ఏ సముద్రంలో ఉన్నాడో తెలియని కొడుకు ఈవార్ పేరు పిలిచి, వాడి తరఫున ఇంకోటి వేసింది. దూరాన ఉన్నవాళ్ళకి ఇంట్లోవాళ్ళు వేయవచ్చట. ఆ తర్వాత పార నా చేతిలో పెట్టింది.

“నేను ఇంటివాణ్ణి కాదుగా” అన్నాను, ఎత్తిపొడుపుగా.

“నీ ఒంటి కంపు ఈ ఇంటిదే. వెయ్.”

వేశాను. ఆ తర్వాత ఇంకొంచెం తతంగం జరిగింది, అది మీకు అక్కర్లేనిది. చేతులు కడుక్కున్నాక ఆవిడ నన్ను పాకలోకి తీసుకెళ్ళి, మూలన ఉన్న పలకలు ఎత్తింది.

పిల్లి కాదు మామయ్యా. నీటిపాములు. ఒకదాని మీద ఒకటి చుట్టుకుని ఒక కుప్ప. ప్రతిదానికీ తల వెనక పసుపు మెడపట్టీ, మన చెరువు గట్టు పాములకున్నట్టే, ఇంకొంచెం బాగా మెరుస్తూ.

“ఇన్ని ఉండగా మ్యూజియం వాళ్ళకి ఒక్కటీ ఇవ్వలేదేం?”

“ఇంటిపాముని పరాయివాళ్ళకి ఇస్తారా ఎవరైనా? మీ మామ తన ఇంటి గడప పెకలించి ఇస్తాడా?”

“మరి నల్లవో?”

“అవి ఎవరివీ కావు. ఇంటాయన పోతే ఆ ఇంటిపాముకి పట్టీ రాలిపోతుంది, నల్లబడి ఊరి మీద పడుతుంది. దిక్కులేనిది, ఎవరు పట్టుకెళ్తే ఏం?”

ఈ దీవిలో ఏ ఇంటికి పోయినా ఇదే మాట. ఆవిడ చెప్పే కథ శుద్ధ అబద్ధం, పట్టీ రాలదు. పాలు కూడా పాము తాగదు, ఆవిడ అటు తిరగ్గానే పిల్లి తాగుతుంది, నేను చూశాను. కానీ ఆ అబద్ధం నలభై ఏళ్ళుగా మీ మ్యూజియాన్ని నింపింది. మీ పంతులుకీ, పాదిరీకీ, దీపస్తంభం ఆయనకీ ఇళ్ళవాళ్ళు నల్లవే ఏరి ఇచ్చారు. ఆరుగురూ పరాయివాళ్ళే కాబట్టి ఆరుగురికీ ఒకే రంగు దొరికింది. మీరు కనిపెట్టింది పాముల లక్షణం కాదు, పరాయివాడికి ఈ ఊరు పెట్టే మర్యాద. దానికి లాటిన్ పేరు పెట్టారు.

మీరు రాయబోయే సిఫార్సు ఈ ఉత్తరంతో పొయ్యిలోకి పోతుందని తెలుసు. తెలిసే రాస్తున్నాను. వ్యాసం ఆపండి.

సిక్స్‌టెన్


నోర్‌షోపింగ్,
ఆగస్టు 8

సిక్స్‌టెన్,

‘ఒరేయ్’ అని కూడా పిలవబుద్ధి కావడం లేదు.

కోడిగుడ్డు సొనా, కిటికీలకు వేసే పసుపురంగా? ఏది పూశావు? కుంచె ఎక్కడ దొరికింది? బూటుతాడుతో ఒక ఆచార్యుణ్ణి అభాసుపాలు చేశావు, ఇప్పుడు పసుపుడబ్బాతో సొంత మేనమామను చేద్దామని చూస్తున్నావు. బ్రాస్క్ నీకు ఏమైనా ముట్టజెప్పాడా అని ఒక రాత్రంతా ఆలోచించాను. లేదని తేల్చుకున్నాను. డబ్బు తీసుకుని పనిచేసేంత క్రమశిక్షణ నీకు లేదు.

మీ అమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్ళు. నిన్ను నా ఇంటికి తెచ్చుకుంటుంటే అందరూ వద్దన్నారు. మొదటి వారంలోనే నా గడియారం విప్పి చేపలతొట్టెలో వేశావు. ఆ రోజే నాకు అర్థమై ఉండాల్సింది.

వ్యాసం ఆపను. గుడ్లు పొదిగితే పిల్లలను స్పిరిట్‌లో వేసి పంపు. నల్లవి మాత్రమే పంపు. రంగు పూసినవి నువ్వే ఉంచుకో, గోడకు తగిలించుకో.

వాల్‌ఫ్రిడ్


గ్రోషేర్,
సెప్టెంబరు 6

మామయ్యా,

ఈ ఉత్తరంలో హాస్యం లేదు. నాకు చేతకాని పని, తప్పులుంటే సర్దుకోండి.

నా పెట్టెలో గుడ్లు పొదిగాయి. తల్లి నల్లదని నేను చూశాను, టెక్లా పెద్దమ్మ చూసింది, వచ్చిన రోజున ఆవిడ కుమ్మరిస్తే మీకు సీసాలో వేసి పంపిన ఆ మూడిట్లో అది ఒకటి కాదు, ఇంకా బతికే ఉంది, వచ్చి చూడవచ్చు. పిల్లలు ముక్కు చివర ఉన్న చిన్న పంటితో పెంకు చీల్చుకుని తలలు బయటపెట్టాయి. జానెడు కూడా లేవు. బయటికి రాకుండా ఒక పూటంతా అలాగే గుడ్డులోంచి తలలు పెట్టి లోకాన్ని చూశాయి, వద్దామా మానేద్దామా అన్నట్టు. వాటిలో కొన్ని నల్లవి. కొన్నిటికి మెడపట్టీలున్నాయి. ఒకే తల్లి, ఒకే కాన్పు, ఒకే పెట్టె.

రంగు పూశానన్నారు. సబ్బుతో కడిగాను. కిరోసిన్‌తో తుడవబోతే టెక్లా పెద్దమ్మ నన్ను పారతో తరిమింది, కాబట్టి అది చేయలేదు. అంతకంటే మంచి సాక్ష్యం వాటికవే ఇచ్చాయి. పుట్టిన వారానికి అన్నీ కుబుసం విడిచాయి. పూసిన రంగైతే కుబుసంతోనే పోవాలి కదా. కుబుసాలను ఈ కవరులో పెట్టాను, గాజులా తెల్లగా ఉన్నాయి, ఎక్కడా పసుపు అంటలేదు. కొత్త చర్మం మీద పట్టీ ఇంకా నిగనిగలాడుతోంది.

నా మాట నమ్మొద్దు. నన్ను నమ్మకపోవడానికి మీకు మంచి కారణముంది, ఆ బూటుతాడు నాదే. అందుకే అంటున్నాను, మీరే రండి. నవ్వులపాలు కావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేను దానికి అలవాటుపడ్డాను. మీరు పడలేరు. ఆ వేదిక మీద నిలబడ్డాక ఎవడో ఒక పట్టీపాముని జేబులోంచి తీస్తే మీరు మళ్ళీ ఇల్లు కదలరు.

గురువారం పడవ ఉంది.

సిక్స్‌టెన్


నోర్‌షోపింగ్,
సెప్టెంబరు 11

కుబుసాలు చూశాను. భూతద్దంతో చూశాను. గురువారం వస్తున్నాను. నువ్వు అబద్ధమాడి ఉంటే అదే పడవలో నీ శవాన్ని తిరిగి తీసుకొస్తాను, వెల్లకిలా.

వాల్‌ఫ్రిడ్


నోర్‌షోపింగ్,
అక్టోబరు 20

ఒరేయ్ సిక్స్‌టెన్,

సమావేశం అయింది. నేట్రిక్స్ నోబిలిస్ పుట్టకుండానే పోయింది, నేనే పూడ్చాను. దాని బదులు ‘ద్వీప నీటిపాములలో నలుపు: సేకరణలో ఒక దోషం’ అని చదివాను. అందరూ నోళ్ళు తెరిచి విన్నారు. తర్వాత తెలిసింది, బ్రాస్క్ చేతిసంచిలో గ్రోషేర్ జలసంధిలో ఎవరి వలకో చిక్కిన పట్టీపాము ఒకటి సీసాలో ఉందట, నా వ్యాసం చివర బయటికి తీద్దామని. తీయడానికి సందు దొరక్క, సంచి ఒళ్ళో పెట్టుకుని పురిటినొప్పులు పడుతున్నవాడిలా కూర్చున్నాడు.

క్యూరేటరు పదవి అతనికే ఇచ్చారు. ఇక మ్యూజియంలో పేలకు మంచిరోజులు. నాకేం విచారం లేదు. లేదని రెండోసారి రాయాల్సి వస్తోంది కాబట్టి కొంచెం ఉందనుకో.

నా పర్యటన గురించి ఒక మాట, నువ్వు నేర్చుకోవలసింది. నువ్వు ఆ ముసలావిడ గురించి రాసినవన్నీ చదివి, పార పుచ్చుకుని కొడుతుందేమోనని భయపడ్డాను. ఏం జరిగింది? నువ్వూ అక్కడే నిలబడి చూశావు. గుమ్మంలో నన్ను చూడగానే, “వాల్‌ఫ్రిడ్‌వేనా? రా” అంది. టోపీ అందుకుంది. పొయ్యి దగ్గర కొడుకు కుర్చీ వేసింది. నా అరచేతులు తిప్పి చూసి, “పార పట్టిన చేతులు కావు, అయినా సరేలే” అని నవ్వింది. నేను తెచ్చిన కాఫీ పొట్లం ఇవ్వబోతే, “నీ వంతు ఎప్పుడో వచ్చేసింది” అంది, మొహమాటస్తురాలు. నేను అడగకుండానే పాకలోకి తీసుకెళ్ళి పలకలు ఎత్తింది. నీకు రెండు నెలల పెంటచాకిరీ తర్వాత దక్కింది నాకు పావుగంటలో దక్కింది. కారణం తేలిక. చదువులేనివాళ్ళయినా నిజమైన పాండిత్యం ఎదురుపడితే పసిగడతారు. అది ముఖంలో ఉంటుంది. నీ ముఖంలో లేదు.

సిఫార్సు రాసి పంపాను. ‘ఇతను చెప్పేది నమ్మవచ్చు’ అన్న వాక్యం రాయడానికి ఒక సాయంత్రం పట్టింది.

వాల్‌ఫ్రిడ్


గ్రోషేర్,
అక్టోబరు 29

మామయ్యా,

సిఫార్సుకి కృతజ్ఞతలు. ఆ వాక్యాన్ని టెక్లా పెద్దమ్మకి చదివి వినిపిస్తే, “మీ మామ అమాయకుడు” అంది.

పాములు చలినిద్రకి పోయాయి. నేను ఆదివారం పడవలో వస్తున్నాను. బ్రాస్క్ గారికి నా అభినందనలు చెప్పండి, తల గోక్కుంటూ చెప్పండి.

ఇప్పుడు మీ పాండిత్యపు ముఖం సంగతి. మీ కొత్త జాతిని నేను చంపానని మీ స్నేహితులు అంటున్నారట. నేను చంపలేదు, గుడ్లు వాటంతటవే పొదిగాయి. మీ పదవి నేను పోగొట్టానని మీరు మనసులో అనుకుంటూ ఉండవచ్చు. అది పేలు తీసుకుపోయాయి. పాములకు నేను రంగు పూయలేదు. వేసవంతా మిమ్మల్ని వెక్కిరించాను, దాన్ని పని అనరు. నేను నిజంగా చేసింది ఒకటే ఉంది, అది మీకు రాయలేదు.

ఓలోఫ్ పండుగ నాడు ఇంకొంచెం తతంగం ఉందన్నాను, గుర్తుందా? నా పార వేశాక టెక్లా పెద్దమ్మ నా చేతిలోంచి దాన్ని తీసుకోలేదు. “నీకు దూరాన ఎవరైనా ఉన్నారా?” అని అడిగింది. అప్పటికి పలకల కింద ఏముందో నాకు తెలియదు. మీ వ్యాసం తప్పని తెలియదు. మీరొక రోజు ఇక్కడికి వస్తారని కలలో కూడా అనుకోలేదు. జేబులో మీ ఉత్తరం ఉంది, ‘గాడిద’ అన్నమాట అందులో ఉన్నంత దట్టంగా ఇంకెక్కడా చూడలేదు.

“ఒకాయన ఉన్నాడు” అన్నాను.

“మంచివాడేనా?”

“కాదు.”

“అయితే పెద్ద పార వెయ్” అంది.

కనుక వచ్చే ఓలోఫ్ పండుగకి పాత బూట్లు వేసుకుని రండి. సముద్రం మీద తిరిగేవాడికి తప్ప, ఒకసారి గుమ్మం తొక్కినవాడి తరఫున ఇంకొకరు వేయకూడదట, ఆవిడ ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేసింది. ఆవిడకి మీ ముఖంలో పాండిత్యం కనిపించిందో లేదో నాకు తెలియదు. ఇంటివాడు రాగానే టోపీ అందుకుంది, అంతే.

దూరపు బీడు నుంచి పచ్చిపేడ పార నిండా మోసుకొచ్చి, పోగు మీదికెక్కి, జలసంధి అవతలికి వినపడేలా “వాల్‌ఫ్రిడ్” అని పిలిచి వేశాను. నేను చేసింది ఇదొక్కటే.

సిక్స్‌టెన్